చెఱకు, పంది

మన రైతునకు చెఱకుతోటలో పంది యనగా పగయే. రాత్రివేళ మంచెయెక్కి డప్పుతో తఱుమవలసినది. కాని 1493లో కొలంబసు రెండవ యాత్రలో చెఱకుముక్కలును పందులును ఒకే నౌకాదళమున కరీబియను దీవులకు పయనమైనవి. ఆ దీవులలోని క్యూబాయే ఇరువదవ శతాబ్దమున, పంచదార తీయగా మిగిలిన నల్లని మడ్డితో పందులను మేపి చూచినది. మడ్డి సత్తువ నిచ్చును గాని మాంసకృత్తులు అందులో దాదాపు సున్న, మితిమీరినచో విరేచనములు. కనుక చిలగడదుంప తీగవంటి పచ్చిమేతయు, కొంత తెలకపిండియు తోడు కావలెను.

ఆ మడ్డి మన యింటను ఉండెడిది. 1937లో స్థాపితమైన బోధను నిజాం చక్కెర కర్మాగారము దానినుండి ఆల్కహాలు తీసినది. రాయపోలు నాడు చేరియున్న మెదకు జిల్లాలోని మంబోజిపల్లి మిల్లును, బోధను మిల్లును 2015లో మూతపడినవి. తరతరములుగా పందులను సాకు ఎరుకలవారు మడ్డి కావలెనన్న వేఱొక మిల్లును వెదకవలసినదే.