ఆల్బమ్ అట్ట మీద ఎవరి పేరుంది?

సూళ్లూరుపేట చుట్టుపక్కల ఊళ్లలో చావైనా జాతరైనా పలక మోగాల్సిందే. తడ దాటి ఆరంబాకం వైపు వెళ్తే దాని దగ్గరి చుట్టం పరై. రెండింటినీ కొట్టే చేతులు ఎక్కువగా దళితులవే. నేను చూసిన తిరునాళ్ల కరపత్రాల్లో ఉభయదాతల పేర్లుంటాయి, హరికథ చెప్పేవారి పేరుంటుంది. పలక దగ్గరికొచ్చేసరికి "పలకలు, మేళం" అని మాత్రమే ఉంటుంది.

రాక్, జానపద, ఇండీ ఆల్బమ్‌లు వినేటప్పుడు కూడా నాకు ఇదే గుర్తొస్తుంది. ఇండీ అంటే సినిమా, పెద్ద కంపెనీల పెట్టుబడి మీద ఆధారపడకుండా కళాకారులు సొంతంగా చేసుకునే సంగీతం. నాకు నచ్చినవీ నచ్చనివీ ఇక్కడ రాస్తున్నాను. మీ అభిరుచి వేరు కావచ్చు. ఏది విన్నా ఒక ప్రశ్న మాత్రం అడగండి: ఈ పాట కట్టిందెవరు? పేరు ఎవరిది పడింది?

రాక్

లెడ్ జెపెలిన్ 2 (1969): గిటార్ మోతకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మొదటి పాట 'హోల్ లాటా లవ్' రచయితలుగా రికార్డు మీద పడినవి బ్యాండ్ సభ్యుల పేర్లే. అందులోని మాటలు నల్లజాతి బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ కట్టిన 'యూ నీడ్ లవ్' నుంచి వచ్చాయి. ఆ పాటను మడ్డీ వాటర్స్ 1962లో రికార్డు చేశాడు. డిక్సన్ 1985లో కోర్టుకెక్కాడు, 1987లో రాజీ కుదిరింది. తర్వాతి ముద్రణల్లో ఆయన పేరు చేరింది. నా సలహా: ముందు మడ్డీ వాటర్స్ పాట వినండి, తర్వాత దీన్ని వినండి. గిటార్ గొప్పతనం తగ్గదు, అప్పు ఎవరికో తెలుస్తుంది.

ట్రేసీ చాప్‌మన్ (1988): ఆమె పేరుతోనే వచ్చిన మొదటి ఆల్బమ్. పాటలన్నీ ఆమే రాసింది. పేదరికం గురించి గొంతు పెంచకుండా పాడుతుంది, అందుకే ఎక్కువ గుచ్చుకుంటుంది. అందులోని 'ఫాస్ట్ కార్'ను ల్యూక్ కోంబ్స్ అనే తెల్లజాతి గాయకుడు మళ్లీ పాడాడు. దానివల్ల 2023లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గీతం అవార్డు రచయిత్రి చాప్‌మన్‌కు వచ్చింది. ఆ అవార్డు అందుకున్న తొలి నల్లజాతి రచయిత ఆమే. పాట కొత్త గొంతులోకి వెళ్లినా పేరు వెంట వెళ్లింది. మన పాటలకు ఇలా జరగడం అరుదు.

జానపదం

ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్ (1952): హ్యారీ స్మిత్ పాత గ్రామఫోన్ రికార్డుల నుంచి ఏరికూర్చిన 84 పాటలు. గాయకుల పేర్లిచ్చాడు, వాళ్లు నల్లవాళ్లో తెల్లవాళ్లో మాత్రం కావాలనే చెప్పలేదు. నల్లవాళ్ల పాటలను 'రేస్ రికార్డులు' అని వేరే అరలో పెట్టి అమ్మిన కాలానికి అది జవాబు. అక్కడ ఆ పని మంచిదే అనిపిస్తుంది. మన దగ్గర కులం దాచిపెడితే అదే మంచి జరగదు. ఇక్కడ పాటతో పాటు మనిషే మాయమై, అది 'పల్లె సొత్తు' అయిపోతుంది.

తెలుగులో ఇందుకు ఉదాహరణలు కావలసినన్ని. 'ఊరు మనదిరా' కట్టింది దళిత కవి గూడ అంజయ్య. 'బండెనక బండి' కట్టింది తెలంగాణ సాయుధ పోరాటంలోని బండి యాదగిరి. రెండూ గద్దర్ పాటలే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఎక్కువ. గద్దర్ గొంతు వాటిని ఊరూరికీ చేర్చింది, ఆ రుణం ఉంది. పాట మోసినవాడినీ పాట కట్టినవాడినీ ఇద్దరినీ గుర్తుపెట్టుకోవడం మన పని. ఉద్యమ సభల్లో కూడా పాడేముందు కవి పేరు చెప్పకపోవడం మన అలవాటైపోయింది.

2021లో 'లవ్ స్టోరీ' సినిమాలోని 'సారంగదరియా' మీద గొడవ గుర్తుందా? సినిమా పాట రాసింది సుద్దాల అశోక్ తేజ. జానపదాన్ని తాను సేకరించానని ఒక గాయని ముందుకొచ్చారు. రచయిత, సేకర్త మధ్యే వాదన నడిచింది. దాన్ని మొదట కట్టిన ఆడవాళ్ల పేర్లు ఆ వాదనలో ఏ పక్షానా లేవు.

ఇండీ

ద క్యాస్ట్‌లెస్ కలెక్టివ్: దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా చొరవతో 2017లో చెన్నైలో మొదలైంది. అయోతీదాస్ పండితర్ వాడిన 'కులంలేని తమిళులు' అన్న మాట నుంచి పేరు తీసుకున్నారు. ఉత్తర చెన్నై గానా, ర్యాప్, రాక్ ఒకే వేదిక మీద కలుస్తాయి. రిజర్వేషన్ల మీద వాళ్ల పాట ఒక హాస్టల్ చర్చకు సరిపోతుంది. గానా మగవాళ్లదే అనుకునే చోట ఇసైవాణి గొంతు వినండి. బీబీసీ 2020లో ప్రకటించిన వంద మంది మహిళల జాబితాలో ఆమె ఉంది. నా ఫిర్యాదు ఒకటే: వేదిక మీద ఉన్న వేడి రికార్డింగులో కొంత చల్లబడుతుంది.

తెరుకురల్ (2019): అరివు, ఆఫ్రో కలిసి చేసిన ర్యాప్ ఆల్బమ్. పేరుకు వీధి గొంతు అని అర్థం, తిరుక్కురల్‌తో మాటల ఆట కూడా. సగం దాటాక బీట్లు ఒకేలా అనిపిస్తాయి. మాటలు మాత్రం ఎక్కడా సడలవు. మన సరిహద్దు తెలుగువాళ్లకు ఆ తమిళం పెద్ద కష్టం కాదు.

ఎంజాయ్ ఎంజామీ (2021): ఆల్బమ్ కాదు, ఒకే పాట. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసి తిరిగొచ్చిన అవ్వ వల్లియమ్మాళ్ కథను అరివు పాటలోకి తెచ్చాడు. ధీతో కలిసి పాడాడు, సంగీతం సంతోష్ నారాయణన్. ఆ ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ ఉంది, అరివు లేడు. రంజిత్ బహిరంగంగా నిలదీశాక పత్రిక అరివుతో మరో డిజిటల్ ముఖచిత్రం తెచ్చింది. 2022లో చెన్నై చెస్ ఒలింపియాడ్ ప్రారంభ వేదిక మీద కూడా అతను లేకుండానే పాట సాగింది. పాటలో ఎవరి పాలు ఎంత అన్నదానిపై సంగీత దర్శకుడు తన వాదన వినిపించారు. అంత పేరున్న కవికే ఇది జరిగితే, పల్లెలో పలక కొట్టే తాతకు దిక్కెవరు?

ఊరెళ్లిపోతా మామా: హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తా పాట. బాణీ హాయిగా ఉంటుంది, నేనూ పాడుకుంటాను. వింటున్నప్పుడు ఒక సందేహం వస్తుంది: ఏ ఊరికి? ఊరికా, వాడకా? 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ పల్లె మీద భ్రమలను ఎందుకు చీల్చిచెండాడారో చదివినవాళ్లకు ఊరి మీద బెంగ అంత తేలిగ్గా రాదు.

చట్టం ఏమంటోంది

కాపీరైట్ చట్టం (1957) సెక్షన్ 57 ప్రకారం, హక్కులు అమ్ముకున్నా సరే, ఈ రచన నాదని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. 2012 సవరణతో వచ్చిన 38బి గాయకులకు, వాద్యకారులకు కూడా పేరు చెప్పించుకునే హక్కునిచ్చింది. అదే సవరణ ప్రకారం, సౌండ్ రికార్డింగులో వాడిన పాటకు కవి, స్వరకర్తలకు రావలసిన రాయల్టీ వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప వేరెవరికీ రాసివ్వడం చెల్లదు.

ఒక లోటు ఉంది. రికార్డు మీద తప్పక ముద్రించాల్సిన వివరాలను సెక్షన్ 52ఎ చెబుతుంది: రికార్డు తయారుచేసినవారి పేరు, చిరునామా, కాపీరైట్ యజమాని పేరు, చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం. కవి పేరు, గాయని పేరు ఆ జాబితాలో లేవు. పైగా 'సంప్రదాయ గీతం' అని రాసేస్తే హక్కు అడగడానికి మనిషే మిగలడు.

ఫోన్‌లో రికార్డు చేసేముందు

పరిశోధన కోసమైనా, యూట్యూబ్ కోసమైనా వాడలో పాట రికార్డు చేసే విద్యార్థులు ఈ వివరాలు రాసుకోండి:

పాడినవారి పూర్తి పేరు, ఊరు, వాడ. వంత పాడినవారి పేర్లు, పలక కొట్టినవారి పేర్లు.

పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, వాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారు.

ఏ పనిలో, ఏ సందర్భంలో పాడతారు: నాట్లా, చావా, జాతరా, ఉద్యమమా.

రికార్డు చేసిన తేదీ. ఎక్కడ పెట్టడానికి ఒప్పుకున్నారు, డబ్బు వస్తే పంపకం ఎలా.

కులం పేరు రాయాలా వద్దా అన్నది పాడినవాళ్లే తేల్చాలి. ఊళ్లో ఇబ్బంది వస్తుందంటే బయటపెట్టకండి.

ఈ వివరాలను మీ నోట్సులోనే ఉంచుకోకుండా వీడియో కింద మొదటి వరుసలో పెట్టండి. 'సేకరణ' అని మీ పేరు ఆ తర్వాత రాసుకోవచ్చు.