ఇంజిన్‌కీ ఇరుసుకీ నడుమ

1898 డిసెంబరు 24 రాత్రి లూయీ రెనో అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు సొంతంగా కట్టుకున్న చిన్న కారులో పారిస్‌లోని మోంమార్త్ర్ గుట్ట ఎక్కాడు. స్నేహితులతో వేసిన పందెం అది. లెపిక్ వీధి ఏటవాలుకు మామూలు బండ్లే రొప్పేవి. కారు ఎక్కడం ఒక వింత, గొలుసు లేకుండా ఎక్కడం ఇంకో వింత. అప్పటి కార్లలో చాలావాటికి ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకు చేర్చేది గొలుసో, తోలు బెల్టో. రెనో కారులో ఆ పని ఒక షాఫ్టు చేసింది. ఆ రాత్రే పన్నెండు కార్లకు ఆర్డర్లు వచ్చాయి.

గొలుసుకు దుమ్మూ బురదా పడవు, సాగిపోతుంది, తెగుతుంది. షాఫ్టుకు ఆ బెడద లేదు కానీ ఇంకో తంటా ఉంది. గేర్‌బాక్స్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది, ఇరుసేమో స్ప్రింగుల మీద పైకీ కిందికీ ఊగుతుంది. అంటే షాఫ్టు తిరుగుతూనే వంగగలగాలి. దానికి కావలసిన కీలు అప్పటికే రెండు శతాబ్దాల పాతది. సూర్యుణ్ణి పరిశీలించే పరికరాల గురించి 1676లో రాసిన పుస్తకంలో శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ దాన్ని వర్ణించాడు. అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ దాన్ని కారుకు పనికొచ్చేలా తీర్చి 1903లో పేటెంటు పొందాడు, మరుసటి ఏడు న్యూజెర్సీలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో తయారీ మొదలుపెట్టాడు. ఈనాటికీ రేసు కార్ల షాపులో ఆ కీలు, అంటే క్రాస్, కొనబోతే 1310, 1350 అంటూ స్పైసర్ వరస నంబర్లతోనే అడుగుతారు.

ఆ షాఫ్టు అసలు పరీక్ష ఎదుర్కొన్నది రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కాలిఫోర్నియాలో. 1950లో శాంటా ఆనాలోని విమానాల రన్‌వే మీద డ్రాగ్ రేసులు మొదలయ్యాయి. 1951లో వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంఘం పెట్టాడు. పావు మైలు, అంటే 402 మీటర్లు, తిన్నగా పోవడమే పందెం. అదే ఏళ్లలో కార్ల అడుగుభాగమూ మారింది. 1948 దాకా ఫోర్డ్ కార్లలో షాఫ్టు ఒక ఇనుప తొడుగు లోపల తిరిగేది, 1949 మోడల్ నుంచి బయటపడింది. అప్పట్నుంచి షాఫ్టు విరిగితే దాన్ని పట్టి ఆపేది ఏదీ లేకుండా పోయింది.

ఎంత బలమైన షాఫ్టు కావాలి? ఈ ప్రశ్నకు చాలామంది ఇంజిన్ టార్క్, అంటే మెలితిప్పే బలం, రాసిన కాగితం తీసి చూపిస్తారు. నన్నడిగితే అది సగం లెక్క. 680 న్యూటన్ మీటర్ల ఇంజిన్‌ను తీసుకుందాం. ఫస్ట్ గేరు దాన్ని రెండున్నర రెట్లు చేస్తుంది, ఆటోమేటిక్ బండిలో టార్క్ కన్వర్టర్ బయల్దేరే క్షణంలో మరో రెండు రెట్లు చేయగలదు. వెరసి 3,400. అయితే టైరు జారితే అంత భారమూ షాఫ్టు మీద పడదు. 1,500 కిలోల కారుకు మామూలు టైర్లుంటే, వెనక ఇరుసు నిష్పత్తి 4.1 అయితే, దాదాపు 700 దగ్గరే చక్రం గిర్రున తిరిగిపోతుంది. అదే కారుకు గాళ్లు లేని మెత్తటి స్లిక్స్ వేసి, బరువంతా వెనక్కి ఒరిగేలా చేస్తే 1,900 దాకా పట్టు నిలుస్తుంది. క్లచ్ ఠపీమని వదిలితే పడే కుదుపు దీనికి అదనం. ఏళ్ల తరబడి చెక్కుచెదరని షాఫ్టు, కొత్త టైర్లు వేసిన రోజే తడిబట్ట పిండినట్టు మెలితిరిగిపోవడంలో వింతేమీ లేదు.

మెలికకు జవాబు లావు. 1784లోనే శాస్త్రవేత్త కూలుంబ్ తీగలను మెలిపెట్టి చూసి, వాటి బిగువు వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుందని తేల్చాడు. విరగకుండా ఓర్చుకునే బలం మూడో ఘాతం చొప్పున పెరుగుతుంది. నడిమధ్యనున్న లోహం మెలికకు పెద్దగా ఆనదు కాబట్టి దాన్ని తీసేసి గొట్టం చేస్తారు.

లావు పెంచడానికి ఇంకో కారణముంది, నా దృష్టిలో అదే పెద్దది. పొడవాటి కడ్డీని తిప్పుతూ పోతే ఒక వేగం దగ్గర అది నడుము వంచి విల్లులా ఊగుతుందని 1869లో ఇంజినీరు రాంకిన్ రాశాడు. 28 అంగుళాల టైర్లు, ఇందాకటి ఇరుసుతో గంటకు 240 కిలోమీటర్లు పోతే షాఫ్టు నిమిషానికి సుమారు 7,300 సార్లు తిరుగుతుంది. 1.3 మీటర్ల పొడవు, 3 అంగుళాల లావున్న ఉక్కు గొట్టం విల్లయ్యే వేగం లెక్కకు దాదాపు 7,400 వస్తుంది. అంటే పందెం ముగిసే గీత దగ్గర, సరిగ్గా ప్రాణం మీదికొచ్చే చోట. 4 అంగుళాల గొట్టమైతే అది 9,900కు జరుగుతుంది. పొడవు తగ్గిస్తే లాభం ఇంకా ఎక్కువ, సగం చేస్తే నాలుగింతలు. 1954లో డ్రాగ్ రేసర్ మిక్కీ థాంప్సన్ డ్రైవర్ సీటును వెనక ఇరుసు అవతలికి తోసి, ఇంజిన్‌ను వెనక్కి జరిపాడు. టైర్ల మీద బరువు కోసం చేసిన పని అది. దాంతో షాఫ్టు కూడా పొట్టిదైపోయింది.

అల్యూమినియం వేస్తే ఎక్కువ వేగం తట్టుకుంటుందన్న మాట తరచూ వినిపిస్తుంది. ఒకే కొలత గొట్టాలైతే అది నిజం కాదు. బిగువును సాంద్రతతో భాగిస్తే ఉక్కుకీ అల్యూమినియానికీ వచ్చే అంకె ఇంచుమించు ఒకటే. తేలిక గనుక ఇంకా లావు గొట్టం వాడుకోవచ్చు, దాని లాభం అంతే. ఆ అంకెలో ఉక్కును దాటింది కార్బన్ ఫైబర్. డబ్బుకు వెనుకాడని రేసర్లు దానివైపు మొగ్గారు. మిగతావాళ్లకు 4130 క్రోమ్‌మాలీ ఉక్కు గొట్టం, గ్రీజు రంధ్రం లేని 1350 క్రాస్ ఉన్నాయి.

ఎంత ఎంచి కొన్నా ముందు క్రాస్ విరిగితే షాఫ్టు కొన నేలకు గుచ్చుకుని కారును పైకెత్తేయగలదు, లేదా అడుగు చీల్చుకుని డ్రైవర్ మీదికి రాగలదు. అందుకే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల్లో డ్రైవ్‌షాఫ్ట్ లూప్ అనే ఉక్కు కడియం చేరింది. ముందు క్రాస్‌కు 6 అంగుళాల లోపు, షాఫ్టు చుట్టూ దాన్ని బిగించాలి. స్లిక్స్ ఉన్న కారు పావు మైలును 13.99 సెకన్లలోగా పూర్తిచేస్తే అది తప్పనిసరి. మామూలు టైర్ల కారుకు ఆ హద్దు 11.49 సెకన్లు.