సెటిల్ అను మాట - మన మెట్టసీమలో దాని చరిత్ర



ఇంగ్లీషు అక్షరము తెలియనివారి నోట సైతము ఈ దినములలో వినవచ్చు ఇంగ్లీషు క్రియ యొకటి గలదు. అది "సెటిల్". కుమారునికి ఉద్యోగము దొరకి పెండ్లి యైనచో "వాడు సెటిలైనాడు" అందురు. పొలము తగాదాను కోర్టునకు పోనీయక నలుగురు పెద్దలు కూర్చుండి తీర్చినచో "సెటిల్ చేసినారు" అందురు. బలవంతు డొకడు బెదరించి తీర్చినను అదే మాట. అయితే అనంతపురము జిల్లాలో కరణీకపు కాగితములు చూచిన వృద్ధులకు ఈ మాట వినగానే మొదట తోచునది భూమి శిస్తు. ఈ మాట మన మెట్టభూములలో ఎట్లు అడుగుపెట్టినదో, ఇచ్చట ఏమి చేసినదో నేడు మనవి చేయదలచినాను.

పూర్వపు ఇంగ్లీషులో "సెట్ల్" అనగా ఆసనము, పీట. దానినుండి పుట్టిన క్రియకు మొదటి అర్థము కూర్చుండబెట్టుట. అచ్చటినుండి అది ఎన్నియో దారులు త్రొక్కినది. పక్షి కొమ్మపై వాలినను, కలకనీరు తేరినను, మడ్డి అడుగంటినను, క్రొత్త గోడ పునాది క్రుంగినను ఇంగ్లీషువాడు సెటిలైన దనును. సరకు వెల కుదురుట, బాకీ తీరుట, వ్యాజ్యము పరిష్కార మగుట, ఆస్తిని ఆలుబిడ్డల పేర వ్రాయుట, పరదేశమున కాపురము పెట్టుట, ఇవన్నియు ఆ క్రియయే. 1701లో ఇంగ్లాండు సింహాసనమునకు వారసు లెవరో నిర్ణయించిన శాసనమునకును "సెటిల్మెంటు చట్టము" అనియే పేరు.

తెలుగువా డిన్ని పనులకు ఇన్ని క్రియలు వాడును. సంబంధము కుదురును; తగవు తీరును; లెక్క తేలును; నీరు తేరును; పిట్ట వాలును. మనకు ఒకదానితో మరియొకటి కలియదు. ఇంగ్లీషు మాట యట్లు కాదు. ఒక అర్థము ముందు నడచుచుండగా తక్కిన అర్థములు నీడవలె వెంట వచ్చును. శిస్తు సెటిలైనదని దొర వ్రాసినపుడు "రేటు కుదిరినది" అనుటతోపాటు "ఇక కదలదు" అనియు, "తగవు తీరినది" అనియు తోచును. మన సీమలో ఈ మూడును ఏనాడును ఒకటి కాలేదు. నేను చెప్పదలచిన దంతయు ఇదియే.

అంతకుముందు ఈ పనికి పారసీకపు మాట లుండెను. బందోబస్తు అనగా కట్టుట, బంధించుట. ఉత్తర హిందూస్థానమున శిస్తు నిర్ణయమునకు ఆ పేరే వాడుక; మనలో అది పోలీసు కాపలాకు పేరైనది. జమాబందీ అనగా జమను, అనగా మొత్తమును, కట్టుదిట్టము చేయుట. పారసీకుడు కట్టివేయును, ఇంగ్లీషువాడు కూర్చుండబెట్టును. రైతునకు రెంటను కదలుటకు వీలు తక్కువయే!

1800వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ సంధివలన నిజాము తన దక్షిణపు సీమలను ఈస్టిండియా కంపెనీకి విడిచిపెట్టెను. దత్తమండలములను పేరు అప్పుడు వచ్చినదే. వానికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కొంతకాలము అనంతపురమునందే కచేరి పెట్టెను. ఆయన ముందుగా సెటిల్ చేసినది పొలములను గాదు, పాలెగాండ్రను. సుమారు ఎనుబదిమంది యగు ఆ నాయకులలో కొందరిని పింఛనులతోను, కొందరిని సైన్యముతోను అణచినాడు. తరువాత 1802లో పైమాషీ మొదలుపెట్టెను. అది 33 అడుగుల గొలుసుతో జరిగినది. అట్టి గొలుసు పొడవును వెడల్పును గల చదరము గుంట. 40 గుంటలు ఎకరము. కొలత పిమ్మట రెడ్లు, కరణములు, రైతులు దగ్గర నుండగా నేలను తరములుగా విభజించి రేటు కట్టినారు. బంగాళమున 1793లో కారన్‌వాలిసు జమీందారులతో శాశ్వతపు సెటిల్మెంటు చేసియుండెను. మన్రో యిచ్చట నడుమ జమీందారు లేకుండ రైతుతోనే మాటాడెను. దానికే రైత్వారీ యని పేరు.

మన్రో రేట్లు తేలికైనవి కావు. పండినదానిలో నూటికి సుమారు 45 వంతులు సర్కారునకు పోవుచున్నదని ఆయనయే లెక్కవేసెను. కనుక 1807లో దేశము విడుచుటకు ముందు, భూము లన్నిటిపై నూటికి 25 వంతులు, రైతు కష్టించి నీరు తోడుకొను బావిభూములపై మరి 8 వంతులు తగ్గింపుడని పైవారికి వ్రాసెను. అట్లైన సర్కారు భాగము మూడవ వంతున నిలుచునని ఆయన తలంపు. పైవారు వినలేదు. 1808 మొదలు మూడేండ్ల గ్రామగుత్తలు, వాని పిమ్మట పదేండ్ల గుత్తలు నడిపించిరి. వానలు చెడినవి, గుత్తదారులు చెడిరి, రైతులు చితికిరి. మన్రో 1820లో గవర్నరై తిరిగివచ్చిన పిమ్మటగాని రైత్వారీయు, ఆ తగ్గింపును మరల రాలేదు. తాను వేసిన పన్ను హెచ్చని తానే వ్రాసిన అధికారిని నేను తక్కువగా నెంచను; అయినను ఆ తగ్గింపు చేరుటకు పట్టిన పదుమూడేండ్లు రైతుల యేండ్లు. ఆయన 1827 జూలైలో పత్తికొండ దగ్గర వాంతిభేదితో మరణించెను. తొలుత గుత్తిలో సమాధి చేసి, తరువాత అస్థులను మద్రాసునకు కొనిపోయిరి. ఈ సీమలో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనినారని పెద్దలు చెప్పుదురు.

పేరునకు సెటిలైన దైనను, రైత్వారీలో స్థిరపడినది ఎకరపు రేటు మాత్రమే. రైతు చెల్లింపవలసిన మొత్తము ఏటేటా జమాబందీలో తేలవలెను. క్రొత్త పొలము కావలసినవాడు దరఖాస్తు పెట్టును. మోయలేనివాడు రాజీనామా వ్రాసి వదలుకొనును. ఈ రెండు కాగితముల నడుమ మెట్టరైతు బ్రదుకు ఊగినది.

1858లో మద్రాసున సర్వే సెటిల్మెంటు శాఖ ప్రత్యేకముగా ఏర్పడెను. ముప్పదియేండ్ల కొక మారు రేట్లు చూచుట, ఖర్చులు పోగా మిగిలినదానిలో సగము మించకుండుట దాని పద్ధతి. ఎకరపు పంటను అంచనా కట్టునపుడు వానల యొడుదొడుకుల నిమిత్తము కొంత ముందే తీసివేయుదురు. ఇది దయగా కనిపించును. కాని చిక్కు ఇచ్చటనే యున్నది. కరవును ముందే రేటులో తగ్గించినాము గనుక, పంట పోయిన యేట మెట్టభూమికి వేరుగా మాఫీ యేల అని సర్కారు వాదము. చెరువు ఎండిన తరిభూమికి మాఫీ సామాన్యముగా దొరకును. మెట్టకు దేశమంతయు ఉపద్రవము వచ్చినపుడు మాత్రము ప్రత్యేక ఉత్తరువు కావలెను.

మన జిల్లా వాన సగటున 22 అంగుళములు. సగటు కాగితముపై కురియును. పొలముపై ఒక యేట ఎక్కువ, రెండేండ్లు తక్కువ, అదియు విత్తునపుడు గాక కోయునపుడు. ముప్పదియేండ్లకు సరిచూచిన సర్కారునకు లెక్క సరిపోవును. రెండేండ్లు గింజలేనివాడు మూడవయేటి మంచిపంటను చూచుటకు ఊరిలో ఉండవలెను గదా. 1876 మొదలు 1878 వరకు వచ్చిన కరవు ఈ లెక్కకు సాక్ష్యము. అప్పటికి మన తాలూకాలు బళ్లారి జిల్లాలో నుండెను. అనంతపురము వేరుజిల్లా యైనది 1882లో. 1871 జనాభా లెక్కను 1881 లెక్కతో పోల్చినచో ఈ తాలూకాలలో సుమారు ఐదవవంతు జనము తగ్గినది. చచ్చినవా రెందరో, లేచిపోయినవా రెందరో ఆ అంకె చెప్పదు. పొలముల నంబర్లు మాత్రము చెక్కుచెదరక నిలిచినవి.

ఈ మాటకు తెలుగుదేశమున మరియొక కఠినార్థము కూడ గలదు. 1911 నేరస్థ జాతుల చట్టము క్రింద, 1910వ దశకమున ఎరుకల కుటుంబములను ఒకచోట కట్టడిచేసి ఉంచిన స్టూవర్టుపురమునకు "సెటిల్మెంటు" అని పేరు. ఉదయ సాయంకాలములు హాజరు పలుకవలెను. కూర్చుండబెట్టుట యను ధాత్వర్థము అచ్చట అక్షరాల జరిగినది. అట్టి చట్టము దేశమంతట 1952లో రద్దైనది.

మన కాలపు వాడుక చూడుడు. నిజాంసాగరము క్రిందికి కోస్తాజిల్లాలనుండి వచ్చి భూములు కొని సాగుచేసినవారిని "సెటిలర్లు" అనిరి. ఆ మాట హైదరాబాదునకును ప్రాకినది. అనంతపురము పల్లెలనుండి బెంగుళూరికి పోయి యిటుకలు మోయువారిని, పది పదునైదేండ్లు అచ్చటనే యున్నను, ఎవరును సెటిలర్లనుట నేను వినలేదు. వారు వలసకూలీలు. డబ్బు తీసికొనిపోయి కూర్చున్నవానికి ఒక మాట, కడుపు తీసికొనిపోయినవానికి ఒక మాట.

కరణముల పదవులు 1984లో పోయినవి. వారి దస్త్రములు కొన్ని తాలూకా కచేరీలకు చేరినవి, కొన్ని చెదలకు చేరినవి. వానిలో మన సీమవారు డైగ్లాటు అనునది, రెండు భాషల రిజిష్టరు, ముఖ్యమైనది. సర్వే నంబరు, నేల, తరము, ఎకరపు రేటు, శిస్తు అందులో వరుసగా నుండును. మీ యింట అటకపై అట్టి పుస్తకమో, తాతగారి రాజీనామా నకలో ఉన్నచో దయచేసి తీసి చూడుడు. ఏ పొలము ఏ యేట వదలుకొనిరో, మరల ఏ యేట దరఖాస్తు పెట్టిరో తేదీలు వ్రాసికొని, మీ యూరి కరవు సంవత్సరముల ప్రక్కన పెట్టి చూడుడు. ఊరిలోని పెద్దవారిని అడిగినచో ఆ పొలముల పేర్లుకూడ చెప్పగలరు. రిజిష్టరులో నంబర్లు మాత్రమే యున్నవి.