తూటా కొలత: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో తుపాకీ చరిత్ర

భర్మార్ తుపాకీకి తూటా అక్కరలేదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపీలిక కూరి, సీసపు గుండో ఇనుప ముక్కలో వేసి, కడ్డీతో దట్టించి పేల్చడమే. గొట్టంలో పట్టేదేదైనా దానికి గుండే. మళ్లీ నింపేలోపు ఎదుటివాడు మీదికి రావచ్చు, అదొక్కటే చిక్కు. తూటా తుపాకీ సంగతి వేరు. తూటా కూర్చునే గది, గొట్టం లోపలి మరలు, వెనక మూసే బోల్టు, అన్నీ ఒకే తూటా కొలతకు కట్టుబడి ఉంటాయి. కింద మీట లాగితే తూటా పైకి వచ్చే రైఫిల్లో ఈ కట్టుబాటు ఇంకా ఎక్కువ: తూటా కాస్త పొడవైతే అది గదిదాకా చేరదు. అందుకే రైఫిల్‌ను వేరే తూటాకు మార్చడమంటే ఒక్క గొట్టం మార్చడం కాదు.

ఈ మార్పిడి పనిని బ్రిటిష్ సైన్యం పెద్ద ఎత్తున చేసింది. మూతి నుంచి నింపే 1853 నాటి ఎన్‌ఫీల్డ్‌లకు వెనక తలుపు పెట్టి, 1866లో స్నైడర్‌లుగా మార్చింది. 1871లో కింద మీటతో పనిచేసే మార్టినీ-హెన్రీ వచ్చింది. దాని గుండు 0.450 అంగుళాలది. 1888లో 0.303 అంగుళాల తూటా వచ్చాక పాత మార్టినీలకు కొత్త గొట్టాలు బిగించి ఆ తూటాకు మలిచారు. 1857 తిరుగుబాటు భయం మాత్రం పోలేదు. తెల్ల సిపాయి చేతికి మార్టినీ వచ్చినప్పుడు నల్ల సిపాయికి స్నైడర్ దక్కింది. పోలీసులకైతే లీ-ఎన్‌ఫీల్డ్‌లను మరలు లేని 410 మస్కెట్లుగా మార్చి ఇచ్చారు. మ్యాగజైన్ చోట చెక్కముక్క బిగించడంతో అవి ఒక్కో తూటాతోనే పేలేవి.

వేటగాళ్ల తుపాకులనూ ఈ భయమే మార్చింది. తిరుగుబాటుదారుల చేతికి చిక్కిన మార్టినీలకు తూటాలు అందకూడదని, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ ఇండియాలో 450 తూటాను నిషేధించారు. ఏనుగులను, దున్నలను కొట్టే దొరలకు అప్పటిదాకా ఇష్టమైన కొలత అదే. బ్రిటన్ తుపాకీ కంపెనీలు ఊరుకుంటాయా? 1907 ప్రాంతంలో 465, 470, 476 అంటూ నిషేధాన్ని వెంట్రుకవాసిలో దాటే కొత్త తూటాలు తెచ్చాయి. ప్రపంచమంతా పెద్ద జంతువుల వేటలో పేరుపడ్డ 470 పుట్టుక వెనక ఉన్నది ఇండియాలో తిరుగుబాటు భయమే.

నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లాలో తుపాకీ దొర గడి సొత్తు. సూర్యాపేట తాలూకా ఎర్రపహాడ్ దేశ్‌ముఖ్‌కు లక్షన్నర ఎకరాలుండేవంటారు. అంత భూమికి కాపలా గూండాలతో, తుపాకులతోనే. జనం వైపు ఉన్నవి గుత్పలు, వడిసెలలు, ఆడవాళ్ల చేతుల్లో కారం, రోకళ్లు. 1946 జులై 4న కడవెండిలో దొరకు ఎదురుగా ఊరేగింపులో నడుస్తున్న దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీకి బలైనప్పుడు జనం చేతుల్లో ఉన్న ఆయుధాలు ఇవే.

1947 సెప్టెంబర్ 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. గడులమీద పడి గుంజుకున్న తుపాకులే పోరాట దళాలకు తొలి పెట్టుబడి. కోదాడ పక్కనే ఉన్న మునగాల పరగణా అప్పటిదాకా నిజాం నేలలో బ్రిటిష్ ద్వీపం. సరిహద్దు దాటే కార్యకర్తలకు అది ఆసరా అయింది. కరివిరాల నుంచి వచ్చిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం దళాలు నడిపారు. నిజాం పక్షాన దళాలతో తలపడ్డ రజాకార్లలోనూ ఎక్కువమంది దగ్గర ఉన్నవి భర్మార్లు, కత్తులే. ఆస్ట్రేలియా విమాన చోదకుడు సిడ్నీ కాటన్ 1948లో కరాచీ నుంచి రాత్రిపూట మోసుకొచ్చిన ఆయుధాలు ప్రధానంగా నిజాం సైన్యం కోసం.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం విజయవాడ వైపు నుంచి కోదాడ మీదుగా ప్రవేశించింది. ఈ తూర్పు దారిలో కోదాడ దగ్గర గట్టి పోరు జరిగింది. వెనక్కి తగ్గుతూ నిజాం సేనలు సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను పేల్చేశాయి గాని, దానికి కాపుగా కాల్పులు జరపకపోవడంతో భారత సైన్యం దాన్ని త్వరగానే బాగుచేసుకుంది. భారత సైన్యం వచ్చాకా పోరాటం ఆపని దళాలకు ఇక్కడ తూటా కొలత కలిసొచ్చింది. నిజాం సిపాయి, భారత జవాను, దళ సభ్యుడు, ముగ్గురి భుజాన ఉన్న రైఫిలూ 0.303 తూటాది, అంటే త్రీనాట్‌త్రీయే. ఎవరి దగ్గర గుంజుకున్న తూటా అయినా తమ రైఫిల్లో పట్టేది. స్టెన్‌గన్‌కు 9 మిల్లీమీటర్ల తూటాలు వేరుగా వెతుక్కోవాలి. అవి అయిపోతే ఆ తుపాకీ గుత్పపాటి కూడా చేయదు.

1951 అక్టోబర్‌లో పోరాటం విరమించారు. 1959 ఆయుధాల చట్టం కింద 303 రైఫిల్ పౌరులకు నిషిద్ధం. ప్రభుత్వ రైఫిళ్లు తయారుచేసే ఇషాపూర్ ఫ్యాక్టరీ అదే తీరు బోల్టు తుపాకీని 315 కొలతలో చేసి లైసెన్సుదారులకు అమ్మింది. రెంటికీ తేడా అంగుళంలో 12 వేయో వంతులు. 1960లలో సైన్యం కోసం ఆ ఫ్యాక్టరీయే గట్టి ఉక్కుతో 7.62 మిల్లీమీటర్ల తూటాకు తగ్గ 2ఏ, 2ఏ1 రైఫిళ్లు తయారుచేసింది. సైన్యం వదిలేసిన త్రీనాట్‌త్రీలు ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు పోలీసు ఠాణాల్లో ఉన్నాయి.