అద్దాలొచ్చిన దారి, లేజరొచ్చిన దారి

1981 నవంబర్ 27. అమెరికాలో థ్యాంక్స్ గివింగ్ పండుగ మర్నాడు. న్యూయార్క్ రాష్ట్రం యార్క్‌టౌన్ హైట్స్‌లోని ఐబీఎం పరిశోధనశాలకు రంగస్వామి శ్రీనివాసన్ ఇంట్లో విందు తర్వాత మిగిలిన టర్కీ కోడి ముక్కను పట్టుకొచ్చారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదువుకుని అమెరికా వెళ్లిన రసాయన శాస్త్రవేత్త ఆయన. ప్లాస్టిక్ లాంటి పదార్థాలను సన్నగా చెక్కడానికి అక్కడ వాడుతున్న ఎక్సైమర్ లేజర్‌ను ఆ ముక్క మీద వదిలారు. శుభ్రంగా గాటు పడింది, చుట్టుపక్కల మాత్రం మాడలేదు. ఆకుపచ్చ లేజర్‌తో అదే పని చేస్తే అంచులు కమిలిపోయాయి.

సహచరులు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్‌లతో కలిసి ఆయన తర్వాత ఒక తలవెంట్రుక మీద వరసగా గాట్లు చెక్కి ఫొటో తీశారు. ఆ వెంట్రుక ఫొటో ప్రపంచమంతా తిరిగింది. 1983లో స్టీఫెన్ ట్రోకెల్ అనే కంటి డాక్టర్ శ్రీనివాసన్‌తో చేతులు కలిపి, ఇదే కాంతితో కార్నియాను చెక్కవచ్చని చూపించారు. కంటి ముందుండే ఆ పారదర్శకమైన పొర వంపు మారితే చూపు మారుతుంది. అప్పటిదాకా ఆ వంపు మార్చాలంటే కత్తే గతి. కొలంబియాలో బరాకెర్, మాస్కోలో ఫ్యదోరోవ్ ఆ దారినే నడిచారు.

ఇక తెలంగాణకు వద్దాం, ఇప్పటి జగిత్యాల జిల్లాలోని బుగ్గారం వైపు. ఈ గోదావరి ప్రాంతపు ఊళ్లకు కార్నియా చెక్కడం అప్పట్లో ఊహకందని మాట. కండ్ల ఆపరేషన్ అంటే శుక్లం తీయడమే. అది చేయించుకోవాలంటే పట్నం పోవాలి, లేదా క్యాంపు కోసం ఎదురుచూడాలి.

క్యాంపుల కథలో మొదట చెప్పుకోవాల్సిన పేరు డాక్టర్ పులిమద్ది శివారెడ్డి. హైదరాబాద్ సరోజినీ దేవి కంటి ఆసుపత్రిని నడిపిన మనిషి. ఊరూరా శిబిరాలు పెట్టి లెక్కకు మించి శుక్లాలు తీశారు. 1971లో పద్మశ్రీ, 1977లో పద్మభూషణ్ వచ్చాయి. 1976లో కేంద్రం అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టాక శిబిరాలు ఇంకా పెరిగాయి. బడిలోనో ధర్మశాలలోనో వరసగా పడకలు, కంటికి కట్టు, కదలొద్దని హెచ్చరిక. ముదిరిన కటకాన్ని తీసేసేవాళ్లు, దాని స్థానంలో ఏమీ పెట్టేవాళ్లు కాదు. అందుకే ఆపరేషనైన పెద్దవాళ్ల ముఖాన సోడాబుడ్డి అద్దాలు. ఆ అద్దాలు పోతే మనిషి మళ్లీ గుడ్డివాడే. కంటి లోపలే కటకం అమర్చే పద్ధతిని లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లోనే చేసి చూపించినా, మన పల్లెలకు అది చేరడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. 1992లో మదురైలో ఆరోల్యాబ్ చవకగా కటకాలు తయారుచేయడం మొదలెట్టాకే ఆ దారి సులువైంది.

ఇంతలో హైదరాబాద్‌లో మరో మలుపు. సినిమా దర్శకనిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలం, డబ్బుతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1980ల్లో కంటి సంస్థను నిలబెట్టారు. అది బంజారాహిల్స్‌కే పరిమితమై ఉంటే ఇక్కడ చెప్పుకునే పనే లేదు. 1996లో గోదావరి అవతల, బాసరకు దగ్గర్లోని ముధోల్‌లో తమ తొలి గ్రామీణ కేంద్రాన్ని తెరిచారు. ఆ సంస్థ డాక్టర్లే 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్‌లోను, ఆదిలాబాద్, పశ్చిమ గోదావరి, మహబూబ్‌నగర్ జిల్లాల్లోను పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. నూటికి 1.84 మంది అంధులు. వారిలో 44 శాతం మందికి కారణం శుక్లం. ఆ తర్వాత తేలిన కారణం చదివినవాళ్లను నివ్వెరపరిచింది: 16 శాతం మందిది కేవలం అద్దాలు లేని అంధత్వం. ఆపరేషన్ అక్కర్లేదు, లేజర్ అక్కర్లేదు, కొన్ని వందల రూపాయల జోడు చాలు.

అదే దశకంలో లేజర్ కూడా హైదరాబాద్ చేరింది. అంతకు ముందే, 1988లో అమెరికాలో మార్గరీట్ మెక్‌డొనాల్డ్ చూపున్న కంటికి లేజర్ పెట్టారు. ఆ వెంటనే గ్రీసులో పల్లికారిస్ కార్నియా మీద పల్చటి రెక్క లేపి, కింద చెక్కి, రెక్క మళ్లీ మూసే పద్ధతి తెచ్చారు. అదే లాసిక్. 1995లో అమెరికా ప్రభుత్వం ఎక్సైమర్ లేజర్‌ను ఆమోదించింది.

లాసిక్ చేసే గదిలో జరిగేది చూస్తే దీని మీద భయమూ భక్తీ రెండూ కొంత తగ్గుతాయి. మత్తు ఇంజెక్షన్ ఉండదు, కంట్లో చుక్కలే. రెప్ప మూతపడకుండా చిన్న క్లిప్పు. పైన మెరిసే చుక్కనే చూడమంటారు. టకటకమని చప్పుడు, వెంట్రుక కాలిన వాసన, కొన్ని సెకన్లలో ఒక కంటికి లేజర్ పని అయిపోతుంది. కార్నియా మందం అర మిల్లీమీటరు. ఒక్కో లేజర్ దెబ్బకు పోయేది మైక్రాన్‌లో పావు వంతు. పవర్ ఒక్కటి తగ్గించాలంటే దాదాపు పన్నెండు మైక్రాన్లు చెక్కాలి. కాబట్టి పవర్ ఎక్కువై కార్నియా పల్చగా ఉన్నవాళ్లను డాక్టర్ వెనక్కి పంపుతాడు. కార్నియా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ ఉన్నట్టు అనుమానమొచ్చినా అంతే. ముందు పరీక్షలకు పట్టే సమయంలో ఆపరేషన్ ఏ మూలకూ రాదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి దీనికోసం పట్నం వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్లు. పెళ్లిచూపుల లెక్క ఒకటి, ఉద్యోగాల ఫిజికల్ టెస్టుల లెక్క ఇంకొకటి. అబ్బాయి అద్దాలు పెట్టుకుంటే చదువుకున్నవాడట, అమ్మాయి పెట్టుకుంటే లోపమట. ఈ లెక్క మారనంత కాలం లేజర్ సెంటర్లకు గిరాకీ తగ్గదు.

అయితే ఈ ప్రాంతపు పనులు వేరే చూపు అడుగుతాయి. బీడీ చేసే ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని, నానిన తునికాకును కత్తెరతో కొలతకు కోసి, తంబాకు పోసి చుట్టి, దారం ముడేసి మూతి మడుస్తారు. మడత తప్పినవి కార్ఖానాలో ఏరి పారేస్తారు, వాటికి కూలి లేదు. సిరిసిల్ల మగ్గాల దగ్గర తెగిన పోగు కనబడితేనే అతుకు పడుతుంది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములుది ఆ ఊరే. నలభై దాటాక వచ్చే చత్వారం ఈ చేతుల మీదే మొదట దెబ్బ తీస్తుంది. దానికి కారణం కంటి లోపలి కటకం బిగుసుకోవడం. పైనున్న కార్నియాను చెక్కే మామూలు లాసిక్ దాన్ని నయం చేయదు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలిచ్చి చూస్తే, అద్దాలు లేనివాళ్ల కంటే వాళ్ల పని దాదాపు 22 శాతం ఎక్కువగా పెరిగిందని 2018లో ప్రచురించారు.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’ ఈ అద్దాల లోటు మీదే పనిచేసింది. తొలి విడతలో రాష్ట్రమంతా కోటిన్నర మందికి పైగా పరీక్షించారు. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైంది. చత్వారం అద్దాలు అక్కడికక్కడే చేతికిచ్చారు, మిగతా పవర్లవి తయారై తర్వాత వచ్చాయి. జగిత్యాల ఓటర్లు 2018లో, మళ్లీ 2023లో ఎమ్మెల్యేగా గెలిపించిన ఎం. సంజయ్ కుమార్ కూడా కంటి డాక్టరే. శుక్లం ముదిరితే కరీంనగర్ పక్కనున్న రేకుర్తి లయన్స్ క్లబ్ ఆసుపత్రి ఉంది.

శుక్లం తీసి కటకం పెట్టించుకున్నవాళ్లలో కొందరికి కొన్నేళ్లకు దాని వెనకాల పొర మసకబారుతుంది. అప్పుడు యాగ్ లేజర్‌తో ఆ పొరకు చిన్న కిటికీ తెరుస్తారు. అది కుర్చీలో కూర్చోబెట్టి నిమిషాల్లో ముగించే పని, కోతా కుట్టూ ఉండవు. అద్దాలు వదిలించుకోవడానికి మనవరాలు పట్నం బస్సెక్కే ఇంట్లో, ఆమెకంటే ముందే లేజర్ చేయించుకున్నది నాయనమ్మ కావచ్చు.