రాయని ఇంగ్లీషు పేపరు

2020 మార్చి 24. రాత్రి ఎనిమిదయింది. అప్పటి కృష్ణా జిల్లా చాట్రాయి. పెంకుటింట్లో అందరూ టీవీకి అతుక్కుపోయారు. ప్రధాని మాట్లాడుతున్నారు. మంచం మీద పదో తరగతి అమ్మాయి. ఒళ్లో ఇంగ్లీషు పుస్తకం, చెవి మాత్రం టీవీ మీదే. కరోనా వల్ల ఇరవై ఒక్క రోజులు ఎవరూ గడప దాటకూడదట.

"మరి నా పరీక్షలు?"

మార్చి 23న మొదలవ్వాల్సినవి స్థానిక ఎన్నికల కోసం 31కి జరిగాయి. ఇప్పుడు ఆ తేదీ కూడా పోయింది. మళ్లీ ఎప్పుడో చెప్పినవాళ్లు లేరు.

ఏప్రిల్ వచ్చింది. రేకుల వసారా సెగలు కక్కుతోంది. మామిడి కాయ కోతకొచ్చింది, లారీ దొరకడం లేదు, షావుకారు ఫోనెత్తడం లేదు. నాన్న తోటకీ ఇంటికీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, అమ్మ బంగినపల్లి కాయల్ని ఎండుగడ్డిలో పేర్చి మాగేస్తుంటే, ఇల్లంతా కమ్మిన ఆ వాసనలోనే కూర్చుని అమ్మాయి 'మాయాబజార్' పాఠం, సావిత్రి పాఠం, పి. సత్యవతి కథలో తన పేరే మర్చిపోయిన ఇల్లాలి పాఠం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తోంది. సప్తగిరి టీవీ ఛానల్లో పాఠాలు చెప్పే 'విద్యామృతం' వచ్చే వేళకి కరెంటుంటే ఆ రోజు పండగే. చాలాసార్లు ఉండదు.

ఓ మధ్యాహ్నం తోటలో సాయం చేసి వచ్చి, చేతులు కడక్కుండానే పుస్తకం తీసింది. సొన అంటుకుంది. డైరీ ఎంట్రీ రాయమన్న ప్రశ్న మీద జిగురు మరక మెల్లగా నల్లబడింది. గీకితే కాగితం చిరిగేలా ఉంది. అలాగే వదిలేసింది. ప్రశ్న ఎలాగూ నోటికొచ్చు.

మే నెలలో కబురొచ్చింది. జులై 10 నుంచి పరీక్షలు!

కానీ మెలిక ఉంది. పదకొండు పేపర్లు ఆరయ్యాయి. రెండు పేపర్ల ఇంగ్లీషు ఒక్క వంద మార్కుల పేపరైంది. పద్యాలు, నాటికలు, గ్రామరు, ఉత్తరాలు అన్నీ ఒకే పూటలో రాయాలి. పాత టైం టేబుల్ చింపేసి మళ్లీ మొదలెట్టింది.

"ఎన్నిసార్లు చదువుతావే అదే పుస్తకం?" అమ్మ విసుక్కుంది.

"ఈసారి పెడతారమ్మా. పక్కా."

జూన్ 8. పక్కనున్న తెలంగాణ మిగిలిన పరీక్షలు రద్దు చేసేసింది. సరిహద్దు ఇక్కడికి కూతవేటు దూరం. ఇక్కడ మాత్రం జులై 10 చెక్కుచెదరలేదు. ఎవరి మాట నమ్మాలి?

జూన్ 20, శనివారం. తోటల్లో చివరి కాయలు. మబ్బు పట్టింది, ఉక్క పోస్తోంది. వాకిట్లోంచి నాన్న కేకేశాడు.

"అమ్మాయ్, టీవీ పెట్టు!"

విద్యాశాఖ మంత్రి ఆదిమూలపు సురేష్ ప్రకటించారు. పరీక్షలు రద్దు. అందరూ పాస్.

రాష్ట్రంలో ఆరు లక్షల మందికి పైగా పిల్లలు ఒక్క మాటతో గట్టెక్కారు. కరోనా రోజుల్లో అంతమందిని హాళ్లలో కూర్చోబెట్టకపోవడం సబబే. వీధిలో మగపిల్లలు ఈలలేశారు. అమ్మాయి మాత్రం కదల్లేదు.

"పాసయ్యావు కదే, ఏడుపెందుకు?"

"నేను రాయలేదు కదమ్మా."

2021లో ఆ బ్యాచ్‌కి గ్రేడ్లు ఇచ్చారు. లాక్‌డౌన్‌కి ముందు బడిలో రాసిన ఇంటర్నల్ పరీక్షల మార్కులే ఆధారం. మార్చి 24 తర్వాత చదివిన చదువుకి అందులో ఒక్క మార్కూ లేదు.