చార్టు నుంచి పి.ఎన్.ఆర్. దాకా: సికింద్రాబాదు రైల్వే రిజర్వేషన్లలో ప్రయాణికుల వివరాల ప్రదర్శన

సమాచారాన్ని ముందు స్థూలంగా చూపి, అడిగినప్పుడే సూక్ష్మ వివరాలను అందించాలన్న సూత్రాన్ని 1996లో అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త బెన్ ష్నైడర్‌మన్ ప్రతిపాదించాడు. అయితే ఆ వివరాలను అడిగే అవకాశం ఎవరికి ఉంటుంది? ఈ ప్రశ్నను సికింద్రాబాదు రైల్వే రిజర్వేషన్ల చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. బోగీ తలుపు పక్కన అతికించే రిజర్వేషన్ చార్టులో ప్రయాణికుల పేరు, వయసు, లింగం, బెర్తు సంఖ్య ఉండేవి. చదువురానివారు పక్కవారిచేత చదివించుకునేవారు. కాని ఒంటరిగా ప్రయాణించే స్త్రీ వివరాలు సైతం ప్లాట్‌ఫారం మీద ఉన్న ప్రతివారికీ తెలిసేవి.

రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం రూపొందించిన ‘కాన్సర్ట్’ సాఫ్ట్‌వేర్ 1994లో తొలిసారిగా సికింద్రాబాదులోనే అమలైంది. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు రిజర్వేషన్ కేంద్రాలు అనుసంధానమయ్యాయి. పది అంకెల పి.ఎన్.ఆర్. సంఖ్య చెబితే ఆ టికెట్టు స్థితి మాత్రమే తెలుస్తుంది. 2018 మార్చి 1 నుంచి ప్రధాన స్టేషన్లలో బోగీలకు చార్టులు అతికించడాన్ని ప్రయోగాత్మకంగా నిలిపివేశారు.

ఈ మార్పును కాగితం పొదుపుగా మాత్రమే చూడటం అసమగ్రం. గోప్యత పెరిగింది, అదే సమయంలో వివరం తెలుసుకోవడానికి ఫోనో, విచారణ కౌంటరు వద్ద నిరీక్షణో అవసరమైంది. కాబట్టి వివరాలను తెర వెనుక ఉంచే వ్యవస్థ, వాటిని అడిగే మార్గాన్ని అందరికీ అందుబాటులో ఉంచిందా అన్నదే దాని విలువకు గీటురాయి.